‘డబ్బు లేకుండానే తీశారు కదా’ అంటూ టాకింగ్ హెడ్స్ వీడియోలు చూపించేవారికి ఏమని జవాబివ్వాలి?

ఫ్రేమ్_పిచ్చి
నేను హైదరాబాదులో చిన్న బ్యాండ్లకు పాటల వీడియోలు తీసి, ఎడిట్ చేసి ఇస్తుంటాను. ఇటీవల ఒక బ్యాండు వారికి ఖర్చు అంచనా పంపితే జవాబుగా ఒక లింకు మాత్రమే వచ్చింది. అది టాకింగ్ హెడ్స్ అనే అమెరికా రాక్ బ్యాండు వారి ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ వీడియో. అందులో ఒక మనిషి, ఒక సూటు, వెనక ఒక తెర తప్ప ఏమీ లేవని, అయినా నలభై ఏళ్లు దాటినా జనం చూస్తున్నారని, తమకూ అలాంటిదే చాలని కింద ఒక వాక్యం రాశారు. తక్కువ ఖర్చుతో తీసిన పాత వీడియో ఏదైనా గొప్పదని పేరు తెచ్చుకుంటే, ఆ పేరు తిరిగి తిరిగి చివరికి మాలాంటివారి కూలీ మీదికే వస్తుంది.

నిజానికి ఆ వీడియోలో అంత గొప్పదనం ఏముందో కూడా నాకు అంతుపట్టలేదు. ఆ బ్యాండు గాయకుడు డేవిడ్ బర్న్ చెమటలు కక్కుతూ ఒక చేతిని మరో చేతితో నరుకుతున్నట్టు ఆడిస్తాడు, నుదురు కొట్టుకుంటాడు, వెనక అతని బొమ్మలే చిన్నవిగా వరుసలో నిలబడి అదే పని చేస్తాయి. క్రోమా అంచులు, అంటే మనిషి బొమ్మను కత్తిరించి వేరే నేపథ్యం మీద అతికించిన చోట్లు, కూడా శుభ్రంగా తెగలేదు. పాట గొప్పదని ఒప్పుకుంటాను. వీడియో ఆ పాట నీడలో బతుకుతోందా, లేక దానికంటూ సొంత బలం ఏదైనా ఉందా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

నల్లడిస్కు
ఆ వీడియోకు డబ్బు తక్కువ పట్టిన మాట నిజం. పని తక్కువ పట్టిందని మాత్రం మీ బ్యాండు వారు ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. బర్న్‌తో కలిసి దాన్ని తీసినది టోనీ బాసిల్. ఆవిడ ‘ద లాకర్స్’ అనే వీధి నాట్య బృందాన్ని స్థాపించినవారిలో ఒకరు, అప్పటికే నృత్య దర్శకత్వంలో ఏళ్ల అనుభవం ఉన్నవారు. షూటింగుకు ముందు వీరిద్దరూ లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ విశ్వవిద్యాలయాలకు వెళ్లి, పూనకం వచ్చినవారిని, చర్చిలో ఒళ్లు మరిచి ఊగేవారిని, పాములను పట్టుకుని ప్రార్థించేవారిని చూపే డాక్యుమెంటరీలు కూర్చుని చూశారు. బర్న్ నాట్యం నేర్చినవాడు కాదు. నటుడు ఒక పాత్ర నడకను పట్టుకున్నట్టుగా అతను ఆ కదలికలను పట్టుకుని తన ఒంటి మీదికి తెచ్చుకున్నాడు. మీరు చెప్పిన ఆ చేయి నరకడం, ఆ నుదురు కొట్టుకోవడం అక్కడి నుంచి వచ్చినవే.

పాటలోని మాటలు రేడియోలో బోధకులు చేసే ప్రసంగాల ధోరణి నుంచి పుట్టాయని గుర్తుంచుకుంటే, ఆ సూటు, ఆ బో టై, ఆ కళ్లద్దాలు ఎందుకున్నాయో తెలుస్తుంది. బోధించేవాడూ పూనకంలో ఉన్నవాడూ ఒకే ఒంట్లో ఉన్నారు. ఈ సంగతి పాట ఒక్కటే వింటే అందదు. కాబట్టి వీడియోకు సొంత బలం ఉందని నా వాదన.

లింగంపల్లి_లోకల్
మా ఊరి జాతరలో పోతురాజును ఒక్కసారి సూటు వేసి నిలబెడితే బాసిల్ గారికి రెండు విశ్వవిద్యాలయాలు తిరిగే శ్రమ తప్పేది.

బేసు_తీగ
నల్లడిస్కు గారు చెప్పిన వివరాలన్నీ సరైనవే అయినా, ముగింపుతో నేను ఏకీభవించను. ఆ వీడియో పేదగా ఉండగలిగిందంటే కారణం దాని కింద ఉన్న రికార్డింగు సంపన్నంగా ఉండటమే. ‘రిమైన్ ఇన్ లైట్’ ఆల్బమ్ 1980 అక్టోబరులో వచ్చింది. దాని పునాది ట్రాకులు బహామాస్ దీవుల్లో, నసావులోని కంపాస్ పాయింట్ స్టూడియోలో జరిగాయి, తర్వాతి పని న్యూయార్క్‌లో సిగ్మా సౌండ్‌లో జరిగింది. బ్రయన్ ఈనో నిర్మాత. బ్యాండులోని నలుగురికి తోడు గిటార్‌కు ఏడ్రియన్ బెలూ, ట్రంపెట్‌కు జాన్ హాసెల్, గొంతుకు నోనా హెండ్రిక్స్ వచ్చారు.

పని చేసిన తీరు కూడా చౌకది కాదు. పాటలు రాసుకుని స్టూడియోకు వెళ్లలేదు. చిన్న చిన్న పలుకులను నిమిషాల తరబడి మళ్లీ మళ్లీ వాయించి టేపు మీదికి ఎక్కించారు, తర్వాత మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చుని ఏ ట్రాకును ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అని నిర్ణయించుకుంటూ పాట ఆకారాన్ని తేల్చారు. శ్రుతి మార్పులు దాదాపుగా లేవు, ఒకే ఆధారం మీద పొరలు వచ్చి పోతుంటాయి. మాటలు, గొంతు అన్నిటికన్నా చివర. స్టూడియో గడియారం తిరుగుతుండగా ఇలా వెతుక్కునే సౌకర్యం ఎంతమందికి ఉంటుంది? తెల్ల తెర ముందు ఒక్క మనిషిని నిలబెట్టి నాలుగు నిమిషాలు చూడగలుగుతున్నామంటే మన చెవికి అంత పని దొరుకుతోంది కాబట్టే.

మృదంగం_వాసు
బేసు_తీగ గారు చెప్పిన పొరల గురించి లయ వైపు నుంచి ఒక సంగతి చేర్చాలి. ఈ పాట వినేటప్పుడు పల్లవి దగ్గర కాళ్ల కింద నేల కొద్దిగా జరిగినట్టు అనిపిస్తుందని చాలామంది అంటారు, ఎందుకో చెప్పలేరు. ఈనో చెప్పిన కారణం ఏమిటంటే, మిగిలినవారు ఎక్కడ సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, అనుకుని వాయించారో ఆయన అక్కడ కాకుండా మూడో దెబ్బను సమంగా విన్నారు. ఆ తేడాను సరిదిద్దకుండా ఉంచేసి, చరణాలకు ఒక సమం, పల్లవికి మరో సమం ఆధారంగా గొంతు పాడించారు. మన కచేరీల్లో అతీతంగానో అనాగతంగానో, అంటే సమానికి ముందో వెనకో, ఎత్తుకున్నా తాళం వేసే చేయి ఒక్కటే ఉంటుంది, అందరికీ సమం ఎక్కడో తెలిసే ఉంటుంది. ఇక్కడ తాళం వేసే చేతులు రెండున్నట్టు, రెండూ తప్పు కానట్టు ఉంది.

వీడియోలో బర్న్ తూలుతూ తనను తాను నిలదొక్కుకుంటున్నట్టు కదలడం నాకు ఈ లయ వల్లనే సహజంగా కనిపిస్తుంది. కదలికలు పూనకాల డాక్యుమెంటరీల నుంచే వచ్చి ఉండవచ్చు, వాటిని తట్టుకునే పాట మాత్రం ఇదొక్కటే.

నల్లడిస్కు
వాసు గారూ, ఇది చదివాక పాట మళ్లీ పెట్టుకుని తాళం వేస్తూ కూర్చున్నాను. రెండో పల్లవి దగ్గర చేయి ఆగిపోయింది, ఇంట్లోవారు ఏమైందని అడిగారు.

వెన్నెల_కె
బేసు_తీగ అని పేరు పెట్టుకుని ఆ బ్యాండులో బేస్ గిటారు వాయించిన టీనా వేమౌత్ పేరు ఒక్కసారి కూడా ఎత్తకపోవడం నాకు వింతగా ఉంది. అందరూ బర్న్, ఈనో అంటారు. ఆ ఆల్బమ్ వచ్చిన కొత్తలో పాటల కర్తృత్వం ఎవరికి ఎంత రాయాలన్న దానిపై బ్యాండులో పెద్ద మనస్పర్ధలే వచ్చాయి, టీనా, ఆవిడ భర్త, డ్రమ్మరు క్రిస్ ఫ్రాంట్జ్ తమ వాటా తగ్గించారని బాధపడ్డారు. గంటల తరబడి కలిసి వాయించగా పుట్టిన పాటకు కర్త ఎవరన్న ప్రశ్న చిన్నది కాదు. ఆ పాటకు ఎముక ఆవిడ బేస్ పలుకే.

ఆ భార్యాభర్తలిద్దరూ 1981లో టామ్ టామ్ క్లబ్ పేరుతో అదే కంపాస్ పాయింట్‌లో వేరే ఆల్బమ్ చేశారు. అందులోని ‘జీనియస్ ఆఫ్ లవ్’ పాటకు వీడియో అంతా బొమ్మలే. చిత్రకారుడు జేమ్స్ రిజీ గీతల ఆధారంగా రాకీ మోర్టన్, ఆనబెల్ జాంకెల్ యానిమేషన్ చేశారు. బ్యాండు మనుషులు కెమెరా ముందుకు రావలసిన అవసరమే లేకుండా పోయింది. 1995లో గాయని మరయా కేరీ ‘ఫాంటసీ’ పాటకు ఆ పాట ట్రాకునే వాడుకున్నారు కాబట్టి, టాకింగ్ హెడ్స్ పేరు వినని వారికి కూడా ఆ ఇద్దరి వాయిద్యం చెవిన పడే ఉంటుంది.

బేసు_తీగ
వెన్నెల గారూ, అంగీకరిస్తున్నాను, దయచేసి నా పేరు మాత్రం వెనక్కి తీసుకోవద్దు.

డల్లాస్_దాసు
నేను 1980ల నడిమి కాలంలో చదువు కోసం అమెరికా వచ్చాను. హాస్టల్ హాల్లో పాటల వీడియోలు వేసే ఎంటీవీ ఛానెల్ ఎప్పుడూ మోగుతూనే ఉండేది. 1981 ఆగస్టు 1న మొదలైన ఆ ఛానెల్‌కు తొలి రోజుల్లో రోజంతా నింపడానికి సరిపడా వీడియోలు లేవు, అందువల్ల ఎవరు ఏది తెచ్చి ఇచ్చినా వేసేవారని అక్కడి మిత్రులు చెప్పేవారు. ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ విడుదలైనప్పుడు అమెరికాలో హాట్ 100 అనే పాటల ఆదరణ జాబితాలోకి కూడా ఎక్కలేదు, బ్రిటన్‌లో 14వ స్థానం దాకా వెళ్లింది. అయినా ఆ పాట ముఖం అందరికీ తెలుసు అంటే అది వీడియో వల్లనే కదా. బేసు_తీగ గారి వాదన ఇక్కడ కాస్త బలహీనపడుతుంది.

నాకు మాత్రం 1983 నాటి ‘బర్నింగ్ డౌన్ ద హౌస్’ వీడియోయే ఎక్కువ ఇష్టం. బర్న్ తానే దర్శకుడు. ఒక మామూలు ఇంటి గోడ మీద, రాత్రి వేళ రోడ్డు మీద ప్రొజెక్టరుతో బొమ్మ వేశారు. కదులుతున్న తారు రోడ్డు మీద ఒక ముఖం పరుచుకుని ఉంటుంది. వారి పాటల్లో అమెరికాలో మొదటి పదిలోకి వెళ్లినది అదొక్కటే, 9వ స్థానం.

ఎడిటింగ్_బల్ల
ఫ్రేమ్_పిచ్చి గారి అసలు ప్రశ్న కూలీ గురించి కాబట్టి నేను ఆ సంగతి మాట్లాడతాను. మీ బ్యాండు వారికి 1985 నాటి ‘అండ్ షి వాజ్’ వీడియో చూపించండి. పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ బ్లాష్‌ఫీల్డ్ తీశారు. ఫొటోలను కలర్ జిరాక్సు తీసి, కత్తిరించి, ఆ ముక్కలను కెమెరా కింద ఒక్కొక్క ఫ్రేముకు ఒక్కొక్క మెట్టు జరుపుతూ చేసిన పని అది. పేట మీదుగా ఎగిరిపోయే వస్తువులు, పచ్చిక, కంచెలు, అన్నీ కాగితాలే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పాట మూడున్నర నిమిషాలు, అంటే 210 సెకన్లు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపారనుకుని సెకనుకు 12 బొమ్మల చొప్పున వేసుకున్నా మొత్తం 2,520 బొమ్మలు కావాలి, ఒక్కో బొమ్మలో ముక్కలు ఎన్ని ఉన్నాయో అది వేరే లెక్క. ముడి సరుకు జిరాక్సు కాగితం. దాన్ని కత్తిరించిన చేతుల ఖర్చు రసీదుల్లో కనిపించదు, అంతమాత్రాన ఖర్చు లేనట్టు కాదు. నేను ఒక చిన్న భక్తి పాటకు ఇలా కాగితపు ముక్కలతో ప్రయత్నించాను. ఫ్యాను వేసుకోకూడదు, కిటికీ తెరవకూడదు, మే నెల, విజయవాడ. ఆ పాట మొదటి చరణంతోనే ఆగిపోయి ఇప్పటికీ అలాగే ఉంది.

లింగంపల్లి_లోకల్
విజయవాడ మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చున్నారంటే అది భక్తి పాట కాదు, తపస్సు.

ఫ్రేమ్_పిచ్చి
ఎడిటింగ్_బల్ల గారి లెక్కను నేను అలాగే తీసుకెళ్లి వారి ముందు పెడతాను. క్రోమా అంచుల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. కావాలని అలా ఉంచారా, లేక అప్పటి పరికరాలకు అంతకన్నా చేతకాలేదా?

నల్లడిస్కు
రెండూ అనవచ్చు. ప్రసారానికి పనికొచ్చే నాణ్యతలో అంతకన్నా తక్కువ హంగుతో తీయడం సాధ్యం కాదన్నట్టు బాసిల్ తర్వాతి రోజుల్లో చెప్పారు. పక్కన నిలబడి ఇది మార్చు, అది మార్చు అనే రికార్డు కంపెనీ మనిషి ఆ రోజుల్లో లేడని కూడా ఆవిడ చెప్పారు. నా దృష్టిలో ఆ వీడియోకు దొరికిన అసలు సంపద అదే. ఈ రోజు ఒక చిన్న బ్యాండు మీ దగ్గరికి వచ్చి డబ్బు ఇవ్వలేమంటుంది, పోనీ మీ ఇష్టానికి వదిలేస్తుందా అంటే అదీ లేదు, ప్రతి కట్ దగ్గర నలుగురు నాలుగు మాటలు అంటారు.

అదే కాలంలో బాసిల్ తీసిన ‘క్రాస్‌ఐడ్ అండ్ పెయిన్‌లెస్’ వీడియో చూడండి. అందులో బ్యాండు వారు అసలు లేరు. ఎలక్ట్రిక్ బూగలూస్ అనే వీధి నాట్య బృందం పాట పొడుగునా ఉంటుంది. సొంత పాటకు తీసిన వీడియోలో నుంచి తామే తప్పుకునే స్వేచ్ఛ ఇచ్చిన బ్యాండు ఇంకొకటి మీకు తెలిస్తే చెప్పండి.

తోక_ముడి
ఇక్కడ అందరూ టాకింగ్ హెడ్స్‌ను మొదటివారిగా మాట్లాడుతున్నారు. ఒహాయోలోని అక్రాన్ నుంచి వచ్చిన డీవో అనే బ్యాండు వారు 1976లోనే చక్ స్టాట్లర్‌తో కలిసి ఒక చిన్న ఫిల్మ్ తీసుకున్నారు, అది మరుసటి సంవత్సరం ఆన్ ఆర్బర్ చలనచిత్రోత్సవంలో బహుమతి కూడా పొందింది. ఎంటీవీ పుట్టడానికి ఐదేళ్ల ముందు మాట ఇది. ముసుగులు, ఫ్యాక్టరీ బట్టలు, ఇంటి పక్క పాత భవనాలు, వారికి అంతకు మించి ఏమీ లేవు. వారితో పోలిస్తే సైర్ రికార్డు కంపెనీ ఒప్పందం చేతిలో ఉన్న టాకింగ్ హెడ్స్ జమీందారులే.

డల్లాస్_దాసు
డీవో మొదటివారన్నది ఒప్పుకోవలసిందే. అయితే ఆ ఫిల్మ్ వేషాలు ఒకసారి చూస్తే అర్థమైపోతాయి. బర్న్ చేయి ఎందుకు అలా కదులుతుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, అందుకే మళ్లీ మళ్లీ చూస్తాను.

మృదంగం_వాసు
జమీందారులు అన్న మాట విని ఒకటి గుర్తొచ్చింది. 1979 నాటి ‘ఫియర్ ఆఫ్ మ్యూజిక్’ పునాది ట్రాకులను స్టూడియోలో కాకుండా టీనా, క్రిస్‌లు ఉండే లాంగ్ ఐలాండ్ సిటీ ఇంట్లో రికార్డు చేశారు. రికార్డింగు బండి ఒకటి వీధిలో నిలిపి, కేబుళ్లను కిటికీ గుండా లోపలికి లాగారు. తాము రోజూ సాధన చేసుకునే గది కాబట్టి అక్కడే బాగా వాయించగలమని అనుకున్నారు. ఇందులో పొదుపు కన్నా చెవి తెలివి ఎక్కువ కనిపిస్తుంది.

బేసు_తీగ
బండి అద్దె కూడా ఎవరో కట్టే ఉంటారు వాసు గారూ.

వెన్నెల_కె
ఖర్చు తక్కువ అన్న మాట చుట్టూ మరో ఇబ్బంది ఉంది. డబ్బు పెట్టకుండా తీసుకున్న వాటిలో ఇతరుల సంగీతం కూడా ఉంది. ‘రిమైన్ ఇన్ లైట్’ లయల్లో చాలావరకు ఫెలా కుటీ వంటి నైజీరియా సంగీతకారుల దగ్గర విన్నవే. ఆల్బమ్‌తో పాటు పత్రికల వారికి పంపిన కాగితాల్లో ఆఫ్రికా లయల మీద జాన్ మిల్లర్ చెర్నాఫ్ రాసిన పుస్తకం పేరు ఇచ్చారు, కాబట్టి దాచలేదని ఒప్పుకోవాలి. అయినా పేరు వచ్చినది ఎవరికి అన్న ప్రశ్న మిగులుతుంది. పూనకాల డాక్యుమెంటరీల విషయంలోనూ అంతే, ఆ ఫిల్ముల్లో ఉన్న మనుషుల పేర్లు ఎవరికీ తెలియవు.

నల్లడిస్కు
ఈ ప్రశ్నకు మనకన్నా మెరుగైన జవాబు బెనిన్ దేశపు గాయని ఆంజెలిక్ కిజో ఇచ్చారని అనుకుంటాను. దేశం వదిలి పారిస్ వచ్చిన కొత్తలో, 1983లో, ఒక విందులో ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ విని ఇది ఆఫ్రికా పాట అన్నారట, చుట్టూ ఉన్నవారు కాదు రాక్ అన్నారట. 2018లో ఆవిడ ఆ ఆల్బమ్ మొత్తాన్ని తన పద్ధతిలో మళ్లీ పాడి విడుదల చేశారు. కోపంతో కాదు, తమ ఇంటి వస్తువును గుర్తుపట్టి తిరిగి తెచ్చుకున్నట్టుగా చేశారు.

వెన్నెల_కె
కిజో ఆల్బమ్ నాకు ప్రాణం. అయితే ఒకరు పెద్ద మనసు చూపించారు కాబట్టి ప్రశ్న తీరిపోయిందని నేను అనను.

తోక_ముడి
టాకింగ్ హెడ్స్ కచేరీని చిత్రించిన సినిమా ‘స్టాప్ మేకింగ్ సెన్స్’ కూడా తక్కువ ఖర్చు సరుకేనని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ఖాళీ వేదిక మీద ఒక్కడు గిటారు, టేపు రికార్డరు పట్టుకుని వస్తాడు కదా అంటాడు.

ఎడిటింగ్_బల్ల
మీ మిత్రుడికి ఇది చూపించండి. జోనథన్ డెమీ దర్శకుడు, కెమెరా జోర్డన్ క్రోనెన్‌వెత్, 1983 డిసెంబరులో హాలీవుడ్ పాంటేజెస్ థియేటర్‌లో పలు రాత్రుల ప్రదర్శనలు తీసి కలిపారు, దాదాపు 12 లక్షల డాలర్లను బ్యాండు వారే సమకూర్చుకున్నారు. వేదిక ఖాళీగా కనిపించడానికి అంత డబ్బు పట్టింది. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క వాయిద్యం చేరుతూ వెళ్తాయి, ప్రేక్షకులను దాదాపు చివరి దాకా చూపించరు. టేపు రికార్డరు వేషం కూడా నమ్మవద్దు, ఆ దరువు డ్రమ్ మెషీను నుంచి నేరుగా సౌండ్ బల్లకు వెళ్లింది.

లింగంపల్లి_లోకల్
‘రోడ్ టు నోవేర్’ పాట వీడియో సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 1985లో బర్న్, స్టీఫెన్ జాన్సన్ కలిసి తీశారు. కొన్ని దృశ్యాలు నటుడు స్టీఫెన్ టోబొలోవ్‌స్కీ ఇంటి పెరట్లో, ఈతకొలనులో తీసినవి. అప్పట్లో ఆయన బర్న్ సినిమాకు రచనలో తోడున్నారు. తెర మూలన చిన్న బర్న్ పరుగెత్తుతూనే ఉంటాడు. ఈ జాన్సన్ గారే మరుసటి ఏడాది పీటర్ గాబ్రియేల్ ‘స్లెడ్జ్‌హామర్’ వీడియో తీశారు. కాబట్టి తక్కువ ఖర్చు వీడియో తీయడానికి మొదటి మెట్టు ఈతకొలను ఉన్న స్నేహితుడిని సంపాదించడం.

ఫ్రేమ్_పిచ్చి
ఇక్కడ చెప్పినవన్నీ కలిపి బ్యాండు వారికి కొత్త అంచనా పంపాను. కదలికల పరిశోధనకు ఇంత, కాగితాలు కత్తిరించడానికి ఇంత, మీరు జోక్యం చేసుకోకుండా ఉంటే ఇంత తగ్గింపు అని వేరువేరుగా రాశాను. తగ్గింపు గురించి మాత్రమే ఫోను చేశారు. జోక్యం అంటే ఏమేమి వస్తాయో వివరంగా రాసి ఇవ్వమన్నారు. ఆ జాబితా రాస్తున్నాను, రెండు పేజీలు దాటింది.

డల్లాస్_దాసు
జాబితాలో డ్రమ్మరు మేనమామను చేర్చడం మరిచిపోకండి, ప్రతి బ్యాండులోనూ ఒకరుంటారు.

కొత్త_చెవి
ఇంతసేపు చదువుతున్నాను కానీ ఈ బ్యాండు పాటలు నేను ఇప్పటిదాకా వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మృదంగం_వాసు
1980 డిసెంబరులో రోమ్‌లో ఇచ్చిన కచేరీని ఇటలీ టీవీ వారు చిత్రించారు, అక్కడ మొదలుపెట్టండి. బొమ్మ అంత స్పష్టంగా ఉండదు. నలుగురి బ్యాండు తొమ్మిది మందిగా పెరిగిన కాలం అది. బెలూ గిటారు ఏనుగులా ఘీంకరిస్తుంది, పార్లమెంట్-ఫంకడెలిక్ అనే ఫంక్ సంగీత బృందం నుంచి వచ్చిన బెర్నీ వోరెల్ కీబోర్డు మీద ఉంటారు. సమం ఎక్కడుందో వెతకడం రెండోసారికి వాయిదా వేసుకోండి.

బేసు_తీగ
టీనాను చూడండి అని వెన్నెల గారు చెప్పేలోపు నేనే చెబుతున్నాను.

వెన్నెల_కె
ఆవిడ కొన్ని పాటల్లో బేస్ పక్కన పెట్టి కీబోర్డు కూడా వాయిస్తారు. అదీ చూడండి.